పెరుగు తోడుకోవడంలో తోడు వాటా ఎంత?

పొద్దున్నే గిన్నె మీద మూత తీస్తే పెరుగు గడ్డకట్టకుండా పలచగా కనిపించిందంటే, ఇంట్లో మొదటి నింద పడేది తోడు మీద. "తోడు మంచిది కాదు" అనుకుని పక్కింటికి వెళ్లి చెంచాడు పెరుగు తెచ్చుకుంటారు. అదీ దీపాలు పెట్టే వేళ దాటకుండా వెళ్లాలి, ఆ తర్వాత పెరుగు చేబదులిచ్చే అలవాటు చాలా ఇళ్లలో లేదు. కొత్త తోడుతో రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ ఫిర్యాదు కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలంలో పెరుగు తోడుకుంటుంది గానీ తెల్లారేసరికి పులిసి, పైన నీళ్లు తేరుతుంది. చలికాలంలో పొద్దెక్కినా పాలు పాలలాగే ఉంటాయి. ఒకటి ఎక్కువైన జబ్బు, ఇంకోటి తక్కువైన జబ్బు. రెండింటికీ తోడునే తిట్టుకోవడంలో పెద్ద అర్థం లేదు. చాలాసార్లు తేడా వచ్చేది పాలు ఎంతసేపు కాచారు, ఎంత వేడి మీద తోడు వేశారు, ఆ వేడి ఎంతసేపు నిలిచింది అన్న చోట్ల. తోడు సంగతి వీటన్నిటి తర్వాత.

పాలలో ఉన్న ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్. అది కంటికి కనపడనంత చిన్న ఉండలుగా పాలంతటా తేలుతూ ఉంటుంది. పులుపును చెప్పే కొలత పీహెచ్, మామూలు పాలలో అది 6.6 నుంచి 6.8 మధ్య. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పులుపు పెరిగే కొద్దీ పీహెచ్ దిగుతుంది. అది 5 దాటి కిందికి, 4.6 వైపు వెళ్లేసరికి కేసిన్ ఉండలు ఒకదాన్నొకటి అంటుకుని, చేపల వలలా అల్లుకుని, నీటినీ కొవ్వునూ తమలో పట్టి ఉంచుతాయి. ఆ అల్లికనే మనం గడ్డపెరుగు అంటున్నాం. అల్లిక గట్టిగా, సన్నగా పడితే పెరుగు చాకుతో కోసినట్టు వస్తుంది. వదులుగా పడితే నీళ్లు జారిపోతాయి. ఆమ్లాన్ని తయారు చేయడం వరకే తోడు పని. అల్లిక ఎలా పడాలన్నది పాలు, వేడి కలిసి తేలుస్తాయి.

ముందు కాగబెట్టడం సంగతి చూడాలి, ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది అక్కడే. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి మళ్లీ కాచడం దేనికి, గోరువెచ్చగా చేస్తే చాలదా అని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. తాగడానికైతే సరే. పెరుగుకు మాత్రం ఆ లెక్క పనికిరాదు. పాశ్చరైజేషన్‌లో సాధారణంగా పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచుతారు. రోగకారక క్రిములు చావడానికి అది చాలు. కానీ పాలలో కేసిన్ కాక ఇంకో రకం ప్రొటీన్లున్నాయి, పాలు విరిగినప్పుడు తేటలో ఉండిపోయేవి. వాటి ముడి విడిపోయి కేసిన్‌కు అతుక్కోవాలంటే ఇంకా ఎక్కువ వేడి, ఇంకా ఎక్కువసేపు కావాలి. పెరుగు తయారుచేసే కర్మాగారాల్లో పాలను 85 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 90 నుంచి 95 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు ఉంచడం వెనక కారణం ఇదే. ఇలా కాగిన పాల అల్లికకు నీటిని పట్టుకునే బలం ఎక్కువ. పాలు పొంగగానే స్టవ్ కట్టేసే అలవాటున్న ఇంట్లో పెరుగు వదులుగా వస్తోందంటే మొదట చూడాల్సింది దీన్నే. పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఇంకో పది నిమిషాలు మరగనిస్తే తేడా మర్నాడే తెలుస్తుంది.

పాత ఇళ్లలో దీన్ని సూత్రంగా ఎవరూ చెప్పలేదు గానీ చేసింది మాత్రం అదే. దాలిలో పిడకలు రాజేసి, పాలకుండ దాని మీద పెట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలేసేవారు. పిడకల సెగ మంటలా ఎగసేది కాదు, సన్నగా నిలిచేది. పాలు పొంగకుండా, మాడకుండా, గంటలకొద్దీ కాగేవి. ఆ ప్రొటీన్ల ముడి పూర్తిగా విడిపోయేది, నీరు కొంత ఇగిరిపోయేది, పాలలోని చక్కెర, ప్రొటీన్ కలిసి పాలకు లేత ఎరుపు రంగు, కమ్మటి వాసన వచ్చేవి. మీగడ అరచేతి మందాన కట్టేది. "ఆ రోజుల్లో పెరుగు" అని పెద్దవాళ్లు తలుచుకునేటప్పుడు ఆవునో గేదెనో ఎక్కువగా పొగుడుతారు. నిజానికి ఆ పొగడ్తలో సగం దాలికి దక్కాలి.

పాల రకం విషయంలో ఒక అపోహ గట్టిగా నిలిచిపోయింది: వెన్న ఎక్కువుంటే పెరుగు గట్టిగా వస్తుందని. వెన్న వల్ల కమ్మదనం, మీగడ వస్తాయి. గట్టిదనానికి మాత్రం ప్రొటీన్ కావాలి. దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కల్లోనే ఈ సంగతి కనిపిస్తుంది. టోన్డ్ పాలలో కొవ్వు కనీసం 3 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు (ప్రొటీన్ ఉండేది వీటిలోనే) 8.5 శాతం ఉండాలి. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6, మిగతా ఘనపదార్థాలు 9 శాతం. డబుల్ టోన్డ్‌లో కొవ్వు 1.5 శాతమే, కానీ ఘనపదార్థాలు 9 శాతం. అందుకే డబుల్ టోన్డ్ పాల పెరుగు రుచికి కాస్త చప్పగా ఉన్నా, టోన్డ్ పాల పెరుగు కంటే పలచగా ఉండి తీరాలన్న నియమం లేదు. పాల కేంద్రాల్లో రైతుకు డబ్బు కట్టేటప్పుడు కొవ్వుతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్ అని చూసేది ఈ కొవ్వు కాని ఘనపదార్థాల అంకెనే. గేదె పాలలో కొవ్వూ ప్రొటీనూ కాల్షియమూ మూడూ ఎక్కువ కాబట్టి ఆ పెరుగు గట్టిగా వస్తుంది. ఆవు పాల పెరుగు మెత్తగానే ఉంటుంది, అది దాని స్వభావం, చేసినవాళ్ల తప్పు కాదు. ఇంటికి పోయించుకునే పాలలో నీళ్లు కలిస్తే మాత్రం ఏ తోడూ, ఏ గిన్నే కాపాడలేవు. అప్పుడు చేయగలిగింది పాలను ఇంకాస్త ఇగర్చడం, లేదా లీటరుకు రెండు మూడు పెద్ద చెంచాల పాలపొడి కలిపి కాచడం. పాలపొడి వేయడాన్ని మోసంగా చూడక్కర్లేదు, అది పాలలోని ఘనపదార్థమే.

ఇక వేడి. పెరుగులో ఉండే బాక్టీరియా ఒక్క జాతి కాదు. 40 నుంచి 45 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేసే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ ఒక వర్గం. 30 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా పెరిగే లాక్టోకాకస్ వంటివి ఇంకో వర్గం. ఇంటి తోడులో ఈ రెండు వర్గాలూ ఏదో ఒక పాళ్లలో కలిసి ఉంటాయి. ఏ వేడిలో తోడు వేస్తూ వస్తే దానికి తగిన వర్గం రోజురోజుకీ బలపడుతుంది. వైశాఖంలో అద్భుతంగా తోడుకున్న పెరుగు పుష్యమాసంలో మొండికేయడంలో ఇదీ ఒక కారణం. అయినా ప్రధాన కారణం ఇంతకంటే సాదాది. కళింగపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఈ తీరం పొడవునా మే నెలలో రాత్రిళ్లు కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 27 డిగ్రీల దగ్గరే ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అదే రాత్రి 17, 18 డిగ్రీలకు వస్తుంది. సీతంపేట, సాలూరు ఏజెన్సీ వైపు ఇంకా చల్లన. పది డిగ్రీల తేడాను పట్టించుకోకుండా ఏడాది పొడవునా రాత్రి తొమ్మిదింటికే, అదే చెంచాతో, అదే గిన్నెలో తోడు వేసి, ఫలితం ఒకేలా ఉండాలనుకోవడం కుదరదు.

రోహిణి కార్తెలో గోరువెచ్చటి పాలలో తోడు వేస్తే అయిదు గంటల్లో గట్టిపడిపోతుంది. రాత్రి తొమ్మిదికి వేస్తే రెండింటికే పని పూర్తి. ఆ తర్వాత పొద్దున ఆరు దాకా బాక్టీరియా ఆగదు, ఆమ్లం పెరుగుతూనే ఉంటుంది, అల్లిక బిగుసుకుని లోపలి నీటిని బయటకు పిండేస్తుంది. పైన తేరిన నీళ్లు అవే. కాబట్టి ఎండాకాలంలో తోడు మార్చడం కంటే వేళ మార్చడం మేలు. పడుకోబోయే ముందు, పాలు దాదాపు చల్లారాక, మామూలులో సగం తోడుతో వేస్తే తెల్లారేసరికి సరిపోతుంది. లేదా పగలే వేసి, గట్టిపడిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఫ్రిజ్‌లో పులియడం పూర్తిగా ఆగదు గానీ బాగా నెమ్మదిస్తుంది, అల్లిక కూడా ఇంకాస్త బిగుస్తుంది.

చలికాలంలో లెక్క తిరగబడుతుంది. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు. అప్పటిదాకా పాల వేడిని కాపాడుకోవడమే పని. చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగినంత వేడి, అంటే 42, 43 డిగ్రీల దగ్గర తోడు కలిపి, గిన్నెను బియ్యం డబ్బాలోనో, హాట్ ప్యాక్‌లోనో, మందపాటి దుప్పటి చుట్టో ఉంచాలి. స్టీలు గిన్నెను చల్లటి గచ్చు మీద వదిలేస్తే గంటన్నరలో గది చలి దానికి పట్టేస్తుంది, ఆ తర్వాత బాక్టీరియా నిద్రపోయినట్టే. చలి ఎక్కువని బాగా వేడి పాలలో తోడు వేసేవాళ్లున్నారు. 55, 60 డిగ్రీల వేడిలో తోడు వేస్తే అందులో బతికేది బహు కొద్ది. మర్నాడు పాలు పాలలాగే ఉంటాయి, నింద మళ్లీ తోడు మీదికే వెళుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే వంటింటి థర్మామీటర్ కొనుక్కుంటే ఈ గొడవ వదులుతుంది. వేలు మాత్రం మనిషిని బట్టి మారే కొలత. రోజూ వేడి గిన్నెలు పట్టుకునే చేతికి 50 డిగ్రీలు కూడా గోరువెచ్చగానే అనిపించవచ్చు.

పెద్ద మొత్తంలో తోడు వేసేటప్పుడు ఈ పొరపాటు ఇంకో రూపంలో వస్తుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఇళ్ల నిండా చుట్టాలే. లీటరు పాలకు అలవాటుపడిన ఇంట్లో ఆ రోజు పది లీటర్ల గుండిగ పొయ్యి ఎక్కుతుంది. లీటరు పాలు గంటా గంటన్నరలో తోడు వేసే వేడికి వస్తాయి. పది లీటర్లకు మూడు నాలుగు గంటలైనా పడుతుంది, అదీ సమానంగా కాదు. అంచు దగ్గర వేలు పెడితే చల్లారినట్టుంటుంది, నడిమధ్య ఇంకా మంటలాగే ఉంటుంది. కాబట్టి గరిటెతో అడుగు నుంచి బాగా కలిపాకే వేడి చూడాలి. ఇంకో సంగతి, గుండిగ రాత్రంతా వెచ్చగానే ఉండిపోతుంది గనుక చిన్న గిన్నె కంటే ముందే తోడుకుని ముందే పులుస్తుంది. పది లీటర్లకు లీటరు లెక్కన పదింతల తోడు వేయక్కర్లేదు, అయిదారింతలు చాలు. వీలైతే రెండు మూడు గిన్నెల్లోకి సర్దేయడం ఇంకా మంచిది.

తోడు ఎంత వేయాలన్న ప్రశ్నకు సాధారణ లెక్క నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. అర లీటరు పాలకు ఒక టీ చెంచా అంటే సుమారు నూటికి ఒకటి. ఎండల్లో అంతకంటే కొంచెం తక్కువైనా ఫరవాలేదు, చలిలో రెండు మూడు చెంచాలు. గట్టిగా రావాలని గరిటెడు వేసేస్తే వచ్చేది గట్టిదనం కాదు, తొందర పులుపు, రవ్వరవ్వగా పలుకు. అల్లిక నెమ్మదిగా పడితేనే నునుపు. తోడును ముద్దగా పాలలో జారవిడవడం కూడా ఒక లోపమే. దాన్ని ముందు చెంచాతో నునుపుగా చిలికి, కొన్ని పాలు పోసి కలిపి, తర్వాత మొత్తంలో కలిపి ఒకటి రెండుసార్లు తిరగబోయాలి. ఆ పైన గిన్నె కదపకూడదు. సగం తోడుకున్నదాన్ని "అయిందా లేదా" అని వంచి చూడటం వల్ల అల్లిక తెగుతుంది, తెగిన చోట నీరు ఊరుతుంది.

తోడుకు వాడే పెరుగు ముందురోజుదై, కమ్మగా ఉండాలి. వారం నాటి పుల్లటి పెరుగులో, మొదటి ఊపు ఇచ్చే బాక్టీరియా తన ఆమ్లంలోనే నీరసించి ఉంటుంది. దాంతో వేసిన పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది, తోడుకునేసరికే పుల్లగా ఉంటుంది. తోడును నిజంగా తప్పుపట్టాల్సిన సందర్భం ఇది.

గిన్నె విషయంలో మట్టికుండకు ఉన్న పేరు ఉత్తినే రాలేదు. కుండ గోడలు కొంత నీటిని పీల్చుకుంటాయి, అది బయట ఆవిరవుతుంది. పెరుగు చిక్కబడుతుంది, ఆవిరి వల్ల చల్లబడి పులుపు కూడా నిదానిస్తుంది. ఎండాకాలానికి ఇంతకంటే మంచి పాత్ర లేదు. అదే గుణం చలికాలంలో బెడిసికొడుతుంది. పుష్యమాసంలో కుండలో తోడు వేసి గడ్డకట్టలేదని బాధపడేకంటే జాడీలోకో స్టీలుకో మారడం నయం. బుడితి కంచు, ఇత్తడి సామానుకు శ్రీకాకుళం జిల్లా ప్రసిద్ధి. చాలా ఇళ్లలో ఆ గిన్నెలు అటకల మీద ఉన్నాయి. వాటిలో అన్నం తినవచ్చు గానీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెరుగు తోడు వేయకూడదు. ఆమ్లం తగిలి రాగి పెరుగులోకి దిగుతుంది, కిలం వాసన వస్తుంది, ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది. కంచులోనూ ఎక్కువ భాగం రాగే, పెరుగును రాత్రంతా నిల్వ ఉంచే పని దానికీ పెట్టకపోవడమే మంచిది.

పాలలోనే తేడా ఉండి, ఇంట్లో ఎంత జాగ్రత్తపడ్డా తోడుకోని సందర్భాలు కూడా ఉన్నాయి. గేదెకో ఆవుకో పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ ఇస్తే, మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువు దాకా ఆ పాలు అమ్మకూడదు. గడువు పాటించకపోతే పాలలో మిగిలిన మందు పెరుగు బాక్టీరియాను కూడా అణచేస్తుంది. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌కు పెనిసిలిన్ అంటే అసలు పడదు. పాలు విరగకుండా వంటసోడా కలిపినా అంతే, పుట్టిన ఆమ్లాన్ని సోడా తినేస్తుంది కాబట్టి పెరుగు కావడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. అనుమానం తీర్చుకునే దారి సులువే. ఒకే తోడుతో, ఒకే వేడిలో, వాడుక పాలు ఒక గ్లాసులో, వేరేచోట కొన్న ప్యాకెట్ పాలు ఇంకో గ్లాసులో పక్కపక్కనే తోడు వేయాలి. ఒకటి తోడుకుని ఇంకోటి తోడుకోకపోతే ఇక తోడుతో వాదన అక్కర్లేదు, పాలవాడితో మాట్లాడాలి.

తీగలు సాగే పెరుగును చూసి చాలామంది పారేస్తారు. కొన్ని రకాల లాక్టిక్ బాక్టీరియా జిగురు పదార్థాన్ని వదులుతుంది, తక్కువ వేడిలో నెమ్మదిగా తోడుకున్నప్పుడు అది ఎక్కువ. వాసన, రుచి మామూలుగా ఉంటే ఆ పెరుగుకు వచ్చిన ముప్పేమీ లేదు. తోడు మాత్రం మార్చుకోవాలి, ఆ జిగురు తరం తరానికీ దిగుతూ పోతుంది. చేదుగా ఉంటే, బూజు పట్టినా, గులాబీ, నారింజ రంగు మచ్చలు కనపడినా రెండో ఆలోచన లేకుండా పారేయాలి.

తోడు అసలే దొరకని రోజులు కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఇక్కడ చాలా ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. ఫ్రిజ్ నమ్ముకుని దాచిన తోడు అలాంటప్పుడు పులిసి పనికిరాకుండా పోతుంది. అప్పుడు గుర్తొచ్చేది పచ్చిమిర్చి తొడిమల చిట్కా. తొడిమల మీద సహజంగా ఉండే లాక్టిక్ బాక్టీరియా గోరువెచ్చటి పాలలో పెరిగి వాటిని తోడుకునేలా చేయగలదు. అయితే వాటితో పాటు ఇంకేం క్రిములు వచ్చి చేరాయో ఎవరూ చెప్పలేరు. అందుకే మొదటి విడత తినకుండా దాన్ని తోడుగా మాత్రమే వాడి, రెండో విడతో మూడో విడతో రుచి, వాసన చూసి తినాలి. అదీ అన్నిసార్లూ ఫలించే పని కాదు. చింతపండు, నిమ్మరసం చిట్కాలు వేరు. వాటి పులుపు పాలను విరగ్గొడుతుందే తప్ప తోడు పెట్టదు. పక్క ఊళ్లోంచి చెంచాడు పెరుగు తెప్పించుకోగలిగితే వీటన్నిటికంటే అదే నమ్మకం.

పొద్దున మూత తీసినప్పుడు తోడుకోని పాలను ఏం చేయాలన్నది వాసనను బట్టి చూసుకోవాలి. పుల్లటి వాసన సన్నగా తగులుతూ, పాలు కాస్త చిక్కబడ్డట్టుంటే పని మొదలైంది, వేడి చాలలేదంతే. గిన్నెను చేయి పట్టగలిగినంత వేడినీళ్లున్న పళ్లెంలో పెట్టి రెండు మూడు గంటలు వదిలేస్తే చాలావరకు తోడుకుంటుంది. స్టవ్ మీద మాత్రం పెట్టకూడదు, అడుగు వేడెక్కి విరిగిపోతుంది. పులుపు జాడే లేకుండా పాలు రాత్రంతా బయట ఉండి, వాసన తేడాగా ఉంటే మళ్లీ తోడు వేసి ప్రయత్నించడం మంచిది కాదు. కాచినా చావని కొన్ని క్రిముల బీజాలు పాలలో ఉంటాయి, ఆమ్లం కాపలా లేని గోరువెచ్చటి పాలు వాటికి అనువైన చోటు. ఇక తోడుకుని మరీ పులిసిపోయిందంటే అది పాడైనట్టు కాదు. చిలికి మజ్జిగ పులుసు పెట్టుకోవచ్చు, చోడి (రాగి) అంబలిలో కలుపుకోవచ్చు. మర్నాటి తోడుకు మాత్రం దాన్ని వాడకుండా, కమ్మటి పెరుగు ఇంకోచోటి నుంచి తెచ్చుకోవాలి.